చెప్పుకుంటేనే సరుకుకు విలువ

మంచి సరుకుకు ప్రచారం అక్కర్లేదన్నది పాతకాలపు మాట. దాన్నే నమ్ముకుని కూర్చుంటే నష్టపోయేది చిన్న ఉత్పత్తిదారులే. పోచంపల్లి ఇక్కత్ ఇందుకు నిదర్శనం. 2005లో దానికి భౌగోళిక గుర్తింపు దక్కింది. అయినా అవే డిజైన్లను మిల్లు గుడ్డపై అచ్చువేసి చౌకగా అమ్ముతూనే ఉన్నారు. మగ్గం మీద రోజుల తరబడి పడిన శ్రమ ఆ చౌక ధర ముందు నిలవలేకపోతోంది.

ఇక్కత్‌లో ముందుగా నూలుకు ముడులు కట్టి రంగులద్ది, ఆ తర్వాతే నేస్తారు. అందుకే డిజైను బట్టకు రెండువైపులా కనిపిస్తుంది. అచ్చుగుడ్డను తిరగేస్తే సాధారణంగా రంగు వెలవెలబోతుంది. ఈ తేడా కొనేవారికి దళారీ చెప్పడు. చేనేత కార్మికులే చెప్పుకోవాలి.

తమ పనిని గురించి వారానికోసారి నాలుగు మాటలు రాసి, మగ్గం ఫొటోతో ఫోనులో ఖాతాదారులకు పంపడానికి పెద్దగా ఖర్చు కాదు. అయితే నెల తిరిగేసరికి బేరాలు వచ్చిపడవు. ఓపిక కావాలి. చెప్పింది ఒకటి, ఇచ్చింది మరొకటి అయితే ఉన్న పేరూ పోతుంది. మగ్గం వదిలి రాలేనివారి తరఫున సహకార సంఘాలు, చదువుకున్న యువకులు ఈ పనికి పూనుకోవాలి. అడగందే అమ్మయినా పెట్టదు. చెప్పందే కొనేవారికీ తెలియదు.