తప్పు చేసే హక్కు ఎవరిది?



ఫోన్ల ఆట ఆడుకుంటనే కోడింగ్ నేర్చుకోవచ్చని ఇప్పుడు ప్రతి డిగ్రీ పిల్లగానికి చెప్తున్నరు. మిమో, సోలోలెర్న్ లాంటి యాప్‌లు. ముక్కలు జరిపి వరుసల పెడితే పాయింట్లు, తప్పు చేస్తే ఒక గుండె పోతది. వీటికి నేను వ్యతిరేకం కాదు. కోరుట్లల బీడీలు చేసే తల్లి పక్కన కూసొని, ఆ తల్లి ఫోన్లనే లూప్ అంటే ఏందో తెలుసుకున్న బిడ్డను చూసిన. యాప్ ఆమెను ఇంటిపేరు అడగలే. నోరు తెరిస్తే నవ్వుతరని వెనక బెంచీల ముడుచుకునే మన పిల్లలకు అది చిన్న సంగతి కాదు.

నా పేచీ ఆ గుండెల లెక్క దగ్గర. మిమోల ఉచితంగా ఆడేటోళ్లకు గుండెలు కొన్నే. అయిపోతే ఆగాలె, లేదంటే చందా కట్టాలె. కట్టినోనికి ఎన్ని తప్పులైనా చెల్లుతయి. అసలు కోడింగ్ అంటేనే తప్పు రాసుడు, ఎర్రగొచ్చిన లైను చదువుడు, మళ్ల రాసుడు. పిల్లల కోసం లోగో భాష చేసినోళ్లల్ల ఒకరైన సేమూర్ పాపర్ట్ 1980ల పుస్తకమే రాసిండు, తప్పు వెతికి సరిచేసుకునుడే చదువని. దానికే ధర పెడితే, ముందే తప్పంటే భయపడే పిల్లగాడు ఏం చేస్తడు? గుడ్డిగ నొక్కుడు నేర్చుకుంటడు.

ఉచితమన్నదానికీ భరోసా లేదు. గూగుల్ వాళ్ల గ్రాస్‌హాపర్ 2018ల వచ్చింది, జావాస్క్రిప్ట్ నేర్పింది, పైసా తీసుకోలే. 2023ల మూసేసిండ్రు. సర్కారు బడి మూస్తే కలెక్టరేట్ ముందు కూసుంటం. యాప్ మూస్తే ఎవరి ముందు కూసోవాలె?

సిరిసిల్లల సాంచాల సప్పుడు నడుమ పెరిగినోళ్లకు ఇంకో ముచ్చట. 1804ల ఫ్రాన్సుల జకార్డ్ అనే ఆయన అట్టలకు రంధ్రాలు కొట్టి మగ్గానికి డిజైన్ చెప్పిండు. రంధ్రముంటే పోగు లేస్తది, లేకుంటే లేవది. ఆ అట్టలనే తర్వాత బాబేజ్ తన లెక్కల యంత్రానికి ఎంచుకున్నడు. మన పిల్లలకు పాఠం అక్కడ మొదలు పెట్టొచ్చు. నేను చూసిన యాప్‌లల్ల ఉదాహరణలేమో పిజ్జాలు, కాఫీ బిల్లులు. అవి గూడ ఇంగ్లీషుల.

నాచుపల్లిల 2007 నుంచి జేఎన్టీయూ కాలేజీ ఉన్నది, సిరిసిల్లకూ వచ్చింది, ఇంకేం తక్కువ అంటరు. తక్కువైంది హాస్టల్ల కీబోర్డు. ఆటల ముక్కలు వాళ్లే ఇస్తరు, ల్యాబుల ఖాళీ తెర ఇస్తరు. రెండింటి నడుమ దారి చూపే మనిషి కావాలె. గురువు లేకున్నా బొమ్మ ముందు నేర్చుకోవచ్చని చెప్పుడు మనకు కొత్త కాదు, బొటనవేలు అడిగిందెవరో గూడ గుర్తున్నది.

ఎస్సీ, ఎస్టీ ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం 2017 నుంచి ఉన్నది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ఎస్సీ హాస్టళ్లల్ల ఒక్కొక్క దానికి పది కంప్యూటర్లు, రాత్రిపూట కూసునే ఒక ట్యూటర్ అడుగుదాం. ముందు ఏ హాస్టల్ల ఎన్ని కంప్యూటర్లున్నయో, అందుల ఎన్ని నడుస్తున్నయో సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టాలె. నమూనా కింద కామెంట్ల పెడుతున్న. మూడు ఊర్ల నుంచి ముగ్గురు పేర్లియ్యుండ్రి.

(మిగతాది వచ్చే ఆదివారం)