గోత్రం నాన్నది, జన్యువులు ఇద్దరివీ

మా బంధువులమ్మాయికి డాలస్ సంబంధం ఒకటి వచ్చింది. పిల్లాపిల్లాడూ వీడియోకాల్లో నాలుగుసార్లు మాట్లాడుకున్నారు, నచ్చుకున్నారు. ఇక ముహూర్తం పెట్టించడమే తరువాయి అనుకున్న రోజున ఎవరో పెద్దాయన బయోడేటా మరోసారి చదివి ఉలిక్కిపడ్డాడు. ఇద్దరిదీ భారద్వాజ గోత్రమే! సంబంధం అక్కడితో ఆగిపోయింది. అబ్బాయి తండ్రి రిటైరైన ఇంజనీరు. ఫోన్లో నొచ్చుకుంటూనే చెప్పాడట: "మాకు మూఢనమ్మకాలు లేవండీ. ఇది సైన్స్. వై క్రోమోజోమ్." సాయంత్రానికల్లా ఆ సైన్సు వాట్సాప్‌లో వచ్చింది, పైన ఋషి బొమ్మ, పక్కన మెలితిరిగిన డీఎన్ఏ బొమ్మ.

ఆ అమ్మాయి అక్కను ఎనిమిదేళ్ల కిందట స్వయానా మేనమామకే ఇచ్చారు. ఆ పెళ్లి భోజనం నేనూ తిన్నాను. ఆ పూట ఒక్కరికీ సైన్స్ గుర్తురాలేదు. ఎందుకు వస్తుంది, మేనమామది వేరే గోత్రం కదా!

ఆ ఫార్వార్డు నాకు పాత పరిచయమే. ఏటా మాఘమాసానికి ఒకసారి, శ్రావణానికి ఒకసారి ముస్తాబు మార్చుకుని వస్తుంది. అది చెప్పేదిది: ఆడవాళ్ళలో ఎక్స్ ఎక్స్, మగవాళ్ళలో ఎక్స్ వై. వై తండ్రి నుంచి కొడుక్కే వెళ్తుంది. కాబట్టి గోత్రమంటే వై జాడ పట్టే లెక్క. ఒకే గోత్రం వాళ్ళు పెళ్లాడితే ఆ వై బలహీనపడుతుంది, అది తెలిసే మన ఋషులు కట్టడి చేశారు. ఇందులో మొదటి రెండు ముక్కలూ పదో తరగతి పుస్తకంలో ఉన్నవే. ఆ నిజం భుజమెక్కి తక్కిన అబద్ధం ఊరేగుతుంది.

ఈ లెక్క తప్పని తేల్చడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. పెళ్లికూతురికి వై లేదు. లేనిదానితో పెళ్లికొడుకు వై ఎలా కలుస్తుంది, ఎలా తగువు పడుతుంది? పుట్టిన మగపిల్లాడికి వచ్చేది తండ్రి వై ఒక్కటే. తల్లి భారద్వాజ గోత్రమైనా, కౌండిన్యమైనా, అసలు గోత్రమనే మాటే వినని బ్రెజిల్ దేశస్థురాలైనా కొడుకుకు దక్కే వై అదే. వై బాగోగుల కోసం సగోత్రం మానమనడం, ఇంటి పెరట్లోని బావి నీళ్లు చెడతాయని పక్కూరి చెరువుకు కంచె వేయడం లాంటిది.

ఇంకో తమాషా. ఋషులు ఎప్పుడో చదివేశారంటున్న ఈ వై క్రోమోజోమే మనుషుల క్రోమోజోముల్లో అన్నిటికన్నా ఆఖరున శాస్త్రజ్ఞుల చేతికి పూర్తిగా చిక్కింది. దాని పూర్తి పాఠం 2023 ఆగస్టులో 'నేచర్' పత్రికలో వచ్చింది. అంతవరకూ సగానికి పైగా ఖాళీలే. అంత ఆలస్యం ఎందుకయిందంటే, అందులో ఒకే మాట వందలసార్లు తిరగరాసి ఉంటుంది. ఎటునుంచి చదివినా ఒకేలా ఉండే పొడుగాటి భాగాలూ ఉంటాయి. మన తెనాలి రామకృష్ణుడి 'వికటకవి' లాంటివి, కాకపోతే లక్షల అక్షరాల పొడవున. చిన్న చిన్న ముక్కలుగా చదివి అతికించే పాత యంత్రాలు ఈ వికటకవుల దగ్గర దారి తప్పేవి. తీరా చదివి చూస్తే మొత్తం 6 కోట్ల 24 లక్షల అక్షరాలు. మన జన్యుగ్రంథం దాదాపు 310 కోట్ల అక్షరాలు. అంటే వంశమంతా అందులోనే ఉందని మనం మురిసిపోయే వై వాటా నూటికి రెండు. ప్రొటీన్ల తయారీకి సూచనలిచ్చే జన్యువులు మనిషిలో 20 వేల దాకా ఉంటే, వై మీద 106. వాటిలోనూ చాలామట్టుకు కొద్ది జన్యువులకే నకళ్లు.

పోనీ, గోత్రం వై జాడేననుకుందాం. దత్తత వెళ్లిన కొడుక్కి గోత్రం మారుతుంది, వై మారదు. కన్యాదానం నీళ్లు వదలగానే అమ్మాయి గోత్రం మారుతుంది, ఆమె 46 క్రోమోజోముల్లో ఒక్కటీ కదలదు. గుళ్లో అర్చన చేయించేటప్పుడు "మా గోత్రం తెలీదండీ" అంటే పూజారిగారు క్షణం తడుముకోకుండా కాశ్యప గోత్రం చదివేస్తారు. ఆయన చేసేది మంచి పనే, ఎవర్నీ వెనక్కి పంపరు. దాన్ని జన్యుశాస్త్రం అనడమే మన అతి.

పుట్టబోయే పిల్లలకు నిజంగా ఇబ్బంది ఎక్కడుందో అటు చూద్దాం. ఎక్స్, వైలను పక్కనపెడితే మిగిలిన 22 జతల క్రోమోజోముల్లో ప్రతి జన్యువుకూ రెండు ప్రతులుంటాయి, ఒకటి అమ్మది, ఒకటి నాన్నది. చాలా జబ్బుల్లో ఒక ప్రతి చెడినా రెండోది పని నడిపిస్తుంది. చెడిన ప్రతులు కొన్ని మనందరిలో ఉంటాయి, నాలోనూ, ఈ వాక్యం చదువుతున్న మీలోనూ. ఒకే చోట చెడిన ప్రతి అమ్మ నుంచీ నాన్న నుంచీ కూడా వచ్చినప్పుడే బిడ్డకు కష్టం. అమ్మానాన్నలు దగ్గరి చుట్టాలైతే ఒకే తాతగారి చెడిన ప్రతి ఇద్దరి చేతిలోనూ ఉండే వీలు ఎక్కువ. బావామరదళ్ల పెళ్లిలో బిడ్డకు ఏ జన్యువైనా రెండు ప్రతులూ ఒకే పూర్వీకుడి నుంచి దిగే అవకాశం 16లో 1. మేనమామ, మేనకోడలి పెళ్లిలో 8లో 1. గోత్రం లెక్కలో ఈ రెండూ సున్నా, ఎందుకంటే రెండింట్లోనూ గోత్రాలు వేరు!

న్యాయంగా ఒకటి ఒప్పుకోవాలి. గోత్రం కట్టడి వల్ల అన్నదమ్ముల పిల్లల మధ్య పెళ్లిళ్లు ఆగాయి, ఆ మేరకు మేలే. తండ్రివైపు తలుపుకు తాళం వేసి తల్లివైపు తలుపు బార్లా తెరిచిన ఇల్లది. పైగా ఈ తెరిచిన తలుపును శాస్త్రకారులే ఎప్పుడో గుర్తించి రాశారు. మేనమామ కూతుర్నీ మేనత్త కూతుర్నీ చేసుకోవడం దక్షిణాదివాళ్ల ప్రత్యేక ఆచారమని బౌధాయన ధర్మసూత్రం చెప్తుంది. మన చట్టమూ అదే దారి. సగోత్ర వివాహాలకున్న అడ్డంకిని 1946లోనే చట్టం తీసేసింది. 1955 హిందూ వివాహ చట్టం మాత్రం మేనరికాన్ని నిషిద్ధ బంధుత్వాల్లో చేర్చి, 'ఆచారం ఉంటే తప్ప' అనే కిటికీ వదిలిపెట్టింది. మనం ఆ కిటికీలోంచే రాకపోకలు సాగిస్తున్నాం.

"మా అమ్మానాన్నలది మేనరికమే, మేం అయిదుగురం రాళ్లలా లేమూ?" అని అడిగేవాళ్లుంటారు. ఉన్నారు, సంతోషం. సాధారణ దంపతుల పిల్లల్లో పుట్టుకతో వచ్చే తీవ్రమైన లోపాలు నూటికి రెండు మూడైతే, బావామరదళ్ల పిల్లల్లో మరో రెండు మూడు కలుస్తాయి. అంటే నూటికి తొంభైకి పైగా పిల్లలు ఆరోగ్యంగానే పుడతారు. మేనరికాన్ని భూతంలా చూపించే డాక్టరమ్మలూ నాకు తెలుసు, వాళ్లతోనూ నాకు పేచీయే. కానీ ముప్పు ఉన్నచోట కళ్లు మూసుకుని, లేనిచోట సంబంధాలు తెంపుకుంటూ దానికి సైన్స్ అని పేరు పెట్టుకుంటేనే నాకు కోపం.

ఇరవై తరాల వెనక్కి వెళ్దాం. ఒక మనిషికి అక్కడ 10,48,576 పూర్వీకుల స్థానాలుంటాయి, ప్రతి తరానికీ రెట్టింపు చేసుకుంటూ పోతే తేలే లెక్క ఇది. గోత్రం వీళ్లందరిలో ఒక్క మగవాణ్ణి పట్టుకుని మిగిలిన పది లక్షల పైచిలుకు మందినీ వదిలేస్తుంది. సరే, ఆ పది లక్షల స్థానాల్లో కూర్చోడానికి అంతమంది మనుషులున్నారా? చిన్న కులం తనలో తానే పెళ్లిళ్లు చేసుకుంటూ వస్తే లేరు. అందుకని అదే మనిషి ఒకచోట ముత్తాతకు ముత్తాతగా, మరోచోట అమ్మమ్మగారి అమ్మమ్మకు తండ్రిగా, పదేపదే కూర్చుంటాడు. గోత్రాలు ఎన్ని వేరైనా కుర్చీల్లో ఉన్నది ఆ కొద్దిమందే.

దీన్ని లెక్కగట్టి చూపించింది హైదరాబాదులో హబ్సిగూడ దగ్గరున్న జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ. 2009లో అక్కడి లాల్జీ సింగ్, తంగరాజ్, హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ రైక్ కలిసి 25 సమూహాలకు చెందిన 132 మంది డీఎన్ఏ పరిశీలించారు. వాళ్లలో మన మాల, మాదిగ, వెలమ, వైశ్య, చెంచు సమూహాలవాళ్లూ ఉన్నారు. 2013లో ప్రియా మూర్జానీ తదితరులు ఇంకా లోతుకు వెళ్లారు. సుమారు 4200 ఏళ్ల నుంచి 1900 ఏళ్ల కిందటి వరకూ ఈ ఉపఖండంలో జనం విచ్చలవిడిగా కలిసిపోయారని, ఆ తర్వాతే తలుపులు మూసుకున్నారని తేల్చారు. స్వచ్ఛమైన రక్తం గురించి మీసం తిప్పే ప్రతి కులమూ ఆ కలగూరగంపలోంచి వచ్చిందే. తలుపులు మూశాక మాత్రం గట్టిగానే మూశారు.

ఎంత గట్టిగానో 2017లో 'నేచర్ జెనెటిక్స్' వ్యాసం చెప్పింది. పరీక్షించిన 263 సమూహాల్లో 81 సమూహాలు కొద్దిమంది మూలపురుషుల నుంచే పెరిగాయట. ఈ ఇరుకు ఫిన్లాండ్ జనంలో, జన్యుజబ్బుల పాఠాల్లో ఎప్పుడూ ఉదాహరణగా వచ్చే అష్కెనాజీ యూదుల్లో ఉన్నదానికన్నా ఎక్కువ. ఆ 81లో పది లక్షలకు మించిన జనాభా ఉన్నవి 14. పదిలక్షల మంది ఉన్నారు కదా, ఇంకా చుట్టరికమేమిటంటే కుదరదు. తలల సంఖ్య ఇప్పటిది, కుర్చీలు అప్పటివి.

తెలుగునాట దీనికి మత్తు డాక్టర్లు ఎరిగిన ఉదాహరణ ఒకటుంది. ఆపరేషన్‌లో గొంతులోకి గొట్టం వేయడానికి కండరాల్ని క్షణాల్లో సడలించే మందు సక్సినైల్‌కోలిన్. వాళ్లు స్కోలిన్ అంటారు. రక్తంలో ఉండే ఒక ఎంజైమ్ దాన్ని విరగ్గొట్టేస్తుంది కాబట్టి పది నిమిషాల్లోపే దాని పని అయిపోతుంది. ఆ ఎంజైమ్ లేనివాళ్లలో ఆ మందు గంటల తరబడి కదలనివ్వదు, ఊపిరి కూడా ఆడనివ్వదు. అంతసేపూ వెంటిలేటర్ మీదే ఉంచాలి. ఈ లోపం ఆర్యవైశ్యుల్లో ఇతరులకన్నా వంద రెట్ల దాకా ఎక్కువ. అందుకే అనుభవమున్న మత్తు డాక్టరు ఆపరేషన్‌కు ముందు కులం అడిగితే, అది కులగజ్జి అయి తీరాలని లేదు. 102 గోత్రాలు ఎంచి చూసుకుని పెళ్లిళ్లు చేసే కులమది. ఆ జన్యువు మాత్రం ఏ గోత్రాన్నీ అడక్కుండా తరం నుంచి తరానికి నడిచి వచ్చింది.

ఇది చదివి "చూశారా, వాళ్ల రక్తం..." అని మొదలుపెట్టే పెద్దమనుషులకో మాట. ఆ ఎంజైమ్ లేకపోయినా రోజువారీ బతుకులో ఏ ఇబ్బందీ లేదు, ఆ మందు మానేసి మరొకటి వాడితే సరి. వాళ్లది ముందు తెలిసింది, మీది ఇంకా పరీక్షించలేదు, అంతే తేడా. 81 సమూహాల జాబితా ఒక్క కులంతో నిండదు. పైగా తలుపులు మూయకముందు పుట్టిన లోపాలు ఏ కులాన్నీ గుర్తుపట్టవు. గుండె కండరానికి సంబంధించిన ఒక జన్యువులో 25 అక్షరాలు తెగిపోయిన లోపాన్ని తంగరాజ్ బృందమే 2009లో వెల్లడించింది. నూటికి నలుగురు భారతీయుల్లో అది ఉంది. అది పుట్టి సుమారు 33 వేల ఏళ్లయిందని అంచనా. అగ్రహారంలోనూ ఉంది, వాడలోనూ ఉంది.

కాబట్టి గోత్రంలో సైన్స్ వెతికే మనుషులు ఒక్క ప్రశ్నను మాత్రం ఎప్పుడూ తప్పించుకుంటారు: 'ఒకే కులం, వేరే గోత్రం' అనే మాటలో పిల్లల ఆరోగ్యానికి అడ్డం వచ్చేది ఏ సగం? పరిశోధన వేలు చూపిస్తున్నది మొదటి సగం వైపు. దాని మీద మాత్రం ఫార్వార్డులు రావు. ఋషి బొమ్మ వేసి "కులాంతరం చేసుకోండి, జన్యుశాస్త్రం చెబుతోంది" అని పంపినవాణ్ణి నేనింకా చూడలేదు.

ఆచారం ఎంత గట్టిదైనా కొలిచే కొలబద్ద మార్చుకోవచ్చని చూపించినవాళ్లున్నారు. న్యూయార్క్‌లోని సనాతన యూదుల్లో రబ్బీ జోసెఫ్ ఎక్‌స్టీన్ టే-సాక్స్ అనే జబ్బుకు నలుగురు బిడ్డల్ని పోగొట్టుకుని, 1983లో దోర్ యెషోరిమ్ అనే సంస్థ పెట్టాడు. పెళ్లి మాటలకు ముందే ఇద్దరి రక్తపరీక్షలు సరిచూసి, ఒకే లోపం ఇద్దరిలోనూ ఉంటే ఆ సంబంధం వద్దంటారు. పెద్దలు కుదిర్చే పెళ్లిళ్లు వాళ్లవీ, మనలాగే. మన దగ్గరా 2023లో మొదలైన సికిల్ సెల్ రక్తహీనత నిర్మూలన మిషన్ గిరిజన ప్రాంతాల్లో పరీక్షలు చేసి కార్డులిస్తోంది, పెళ్లికి ముందు ఇద్దరి కార్డులూ పోల్చి చూసుకోమని చెబుతోంది. అల్లూరి జిల్లా మన్యంలో చదువురాని ముసలమ్మ చేతికి ఆ కార్డు చేరుతోంది. డాలస్ సంబంధాల బయోడేటాల్లో ఇంకా దాని గడి లేదు.

మా బంధువులమ్మాయికి మళ్లీ సంబంధాలు చూస్తున్నారు. ఈసారి బయోడేటాలో గోత్రం పెద్దక్షరాల్లో, పైనే వేశారు. మొన్న వాళ్ల నాన్న ఫోన్ చేసి హుషారుగా చెప్పాడు, వెతుకులాట ఆగేలా ఉందని. ఆయన చెల్లెలి కొడుకు బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాడు, బుద్ధిమంతుడు, తెలిసిన పిల్లాడు.

"గోత్రం పేచీ కూడా లేదు బాబాయ్," అన్నాడు.