పద్మనాభ యుద్ధం తెరకెక్కేదెప్పుడు?



స్వాతంత్ర్యం కోసం జరిగిన యుద్ధాల సినిమాలను జనం ఎందుకు ఎగబడి చూస్తారంటే కోటలు, ఏనుగులు, కత్తియుద్ధాలు అని తేలిగ్గా చెప్పేస్తుంటారు. అదే నిజమైతే గెలిచినవాళ్ల కథలే ఎక్కువ నిలవాలి. మన ఉత్తరాంధ్ర మరిచిపోనిది మాత్రం 1757 జనవరి 24న కూలిన బొబ్బిలి కోటను. 1964లో ఎన్టీఆర్ రంగారాయుడిగా, భానుమతి మల్లమ్మగా, ఎస్వీ రంగారావు పాపారాయుడిగా నటించిన ‘బొబ్బిలి యుద్ధం’కైనా, 1986లో కృష్ణంరాజు చేసిన ‘తాండ్ర పాపారాయుడు’కైనా వెళ్లినవాళ్లకు కోట నిలవదని ముందే తెలుసు, బుర్రకథలు ఆ సంగతి ఏనాడో చెప్పేశాయి. ఫిరంగులకు ఎదురు నిలవలేమని తెలిసీ కోట వదలబోమన్న ఆ మొండితనం కోసమే జనం వెళ్లారు.

ఇద్దరు జమీందార్ల తగాదాకు స్వాతంత్ర్య సమరమన్న పేరేమిటని చరిత్ర చదివినవాళ్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఫ్రెంచి సేనాని బుస్సీని బొబ్బిలి మీదికి తెచ్చింది పొరుగున ఉన్న విజయనగరం ప్రభువు పెద విజయరామరాజు. అతన్ని బొబ్బిలి వీరుడు పాపారాయుడు డేరాలోనే చంపాక గద్దెనెక్కిన ఆనందరాజు ఫ్రెంచివాళ్ల మీద కోపంతో ఇంగ్లీషువాళ్లను పిలిచాడు. 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర ఫ్రెంచి సేన ఓడింది, ఈస్టిండియా కంపెనీకి దారి తెరుచుకుంది. సినిమాలు ఇంత దూరం రావు. నా అభ్యంతరం వాటి వీరావేశం మీద కాదు, కథను మధ్యలో ఆపేయడం మీద. ఎందుకంటే విజయనగరాన్ని ఏలిన అదే పూసపాటి వంశంలోని చిన విజయరామరాజును కంపెనీ బకాయిలు కట్టమంది, పింఛను పుచ్చుకుని మచిలీపట్నం వెళ్లిపొమ్మంది. ఆయన వెళ్లలేదు. పద్మనాభంలో దండు దిగి, 1794 జూలై 10న కంపెనీ సైన్యంతో పోరాడి ప్రాణం విడిచాడు. బొబ్బిలి వారి మొండితనమే ఇక్కడా ఉంది, పైగా ఎదుట ఉన్నది సాక్షాత్తు కంపెనీయే.

ఒక సినిమాలో ప్రతినాయకుడైనవాడి వంశస్థుడు మరో సినిమాలో నాయకుడైతే ప్రేక్షకుడు తికమకపడతాడని నిర్మాతలు జంకవచ్చు. ‘దాన వీర శూర కర్ణ’లో దుర్యోధనుడికి ఈలలు వేసినవాళ్లకు ఆ బెంగ అక్కర్లేదు. ఇలాంటి చిత్రాలు ద్వేషం రేపుతాయన్న మాటలోనూ కొంత నిజముంది. కారణం లేకుండా కొరడా ఝళిపించే దొరను చూపిస్తే రేగేది ద్వేషమే (‘ఆర్ఆర్ఆర్’ దొరలకు అంతకుమించి పనేముంది?). పేష్కష్ (కప్పం) లెక్కలు, గడువులు, బెదిరింపులు చూపిస్తే పరాయి పాలన ఎలా బిగుసుకుందో తెలుస్తుంది.

1940లో మందస రైతుల పోరాటంలో పోలీసు తూటాకు బలైన వీర గున్నమ్మ కథ కూడా ఇక్కడిదే. సినిమావాళ్లు బొబ్బిలినే మూడోసారి తీయకుండా పద్మనాభానికీ, మందసకూ ఒకసారి రావాలని మనవి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
విజయనగరం