ఉచిత శాంపిల్‌కు ఫోన్ నంబరే ధర: సౌందర్య ఉత్పత్తుల ప్రచారం కొత్త చట్టానికి తట్టుకుంటుందా?

మూడు మిల్లీలీటర్ల సీరం, ఒక్కసారి ముఖానికి సరిపోయే సన్‌స్క్రీన్, వేలి గోరంత లిప్‌స్టిక్. వీటిని ఆన్‌లైన్‌లో ‘ఉచితం’ అని ప్రకటించే పేజీలు కోకొల్లలు. అక్కడ వినియోగదారు నింపవలసిన గడులు మాత్రం తక్కువేమీ కావు. పేరు, మొబైల్ నంబరు, ఈమెయిల్, ఇంటి చిరునామా, పుట్టిన తేదీ, చర్మ స్వభావం, మొటిమలు ఉన్నాయా, జుట్టు రాలుతోందా, నెలకు అలంకరణపై ఎంత ఖర్చు చేస్తారు వంటి ప్రశ్నలన్నీ దాటాక చివరగా ఓటీపీ. అది నమోదు కాగానే ఒక చిన్న ప్యాకెట్‌కు బదులుగా ఒక మనిషికి సంబంధించిన సమగ్ర వివరపట్టిక చేతులు మారుతుంది.

ఈ మార్పిడిని ఇంతకాలం ఎవరూ పెద్దగా ప్రశ్నించలేదు. ఇకపై ప్రశ్నించక తప్పదు. డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టానికి 2023 ఆగస్టులోనే రాష్ట్రపతి ఆమోదం లభించినా, దాని అమలుకు అవసరమైన నిబంధనలు 2025 నవంబరులో గానీ వెలువడలేదు. కంపెనీలు పాటించవలసిన ప్రధాన బాధ్యతలకు ఆ నిబంధనలు 18 నెలల వ్యవధి ఇచ్చాయి. అంటే 2027 మే నుంచి శాంపిల్ పేజీలోని ప్రతి గడికీ చట్టం ముందు జవాబు ఉండాలి. చర్మం జిడ్డుగా ఉంటుందా అన్న ప్రశ్న సీరం ఎంపికకు అవసరమని కంపెనీ వాదించవచ్చు. పుట్టిన తేదీ ఎందుకు, నెలవారీ ఖర్చు ఎందుకు అన్న ప్రశ్నలకు జవాబు అంత తేలిక కాదు.

మచ్చు, కొసరు

తెలుగు వ్యాపార సంప్రదాయంలో ఉచితంగా ఇచ్చేవి రెండు. సరుకు కొనకముందు చూపేది మచ్చు. కొన్నాక అదనంగా వేసేది కొసరు. గుంటూరు మిర్చి యార్డులో టిక్కీ కోసి కాయలు చూపడం మొదటిది. కూరగాయలు తూచాక దోసిట్లో నాలుగు పచ్చిమిరపకాయలు పోయడం రెండోది. సౌందర్య పరిశ్రమ ఈ రెండింటినీ పెద్ద ఎత్తున వాడుకుంది. 1946లో న్యూయార్క్‌లో మొదలైన ఎస్టీ లాడర్ సంస్థ, ప్రకటనలపై భారీగా ఖర్చు పెట్టలేని తొలి రోజుల్లో ఉచిత నమూనాలు పంచి, కొనుగోలుతో పాటు కానుక ఇచ్చి పేరు తెచ్చుకుంది. అమెరికా డిపార్ట్‌మెంట్ స్టోర్లలో అదే తరువాత ఆనవాయితీగా మారింది.

భారతదేశంలో ఈ కథ కడలూరు నుంచి మొదలవుతుంది. షాంపూను చిన్న సాచెట్‌లో నింపి అమ్మవచ్చన్న ఆలోచనను అక్కడి చిన్నికృష్ణన్ ప్రాచుర్యంలోకి తెచ్చారు. ఆయన కుమారుడు సి.కె. రంగనాథన్ 1983లో చిక్ షాంపూతో దాన్ని పల్లెలకు తీసుకెళ్లారు. ఊళ్లలో పిల్లలకు తలస్నానం చేయించి చూపడం, ఉచితంగా సాచెట్లు పంచడం, ఖాళీ సాచెట్లు తెచ్చినవారికి కొత్తది ఇవ్వడం ఆ ప్రచారంలో భాగం. ఆ రోజుల్లో సాచెట్ తీసుకున్న మనిషి పేరు కంపెనీకి తెలియదు, తెలుసుకోవలసిన అవసరమూ లేదు. నచ్చితే మళ్లీ కొంటారు, లేకపోతే లేదు. ఇచ్చేవారికి, పుచ్చుకునేవారికి మధ్య లెక్క అక్కడితో ముగిసేది.

ఆన్‌లైన్ ఆ లెక్కను తిరగరాసింది. వినీతా సింగ్, కౌశిక్ ముఖర్జీ 2012లో ప్రారంభించిన సంస్థ నెలనెలా చిన్న పరిమాణాల సౌందర్య ఉత్పత్తులను ఫ్యాబ్ బ్యాగ్ పేరుతో చందాదారుల ఇంటికి పంపేది. అది ఉచితం కాదు, డబ్బు తీసుకునే సేవ. అయితే ఏ రంగు ఎవరికి నప్పుతోంది, ఏది వద్దంటున్నారు అన్న సమాచారం దాని ద్వారా పోగైంది. ఆ అనుభవం మీదనే 2015లో షుగర్ కాస్మెటిక్స్ బ్రాండ్ నిలబడింది. భారతీయ చర్మఛాయలకు తగిన రంగులు మార్కెట్లో దొరకడం లేదన్న ఫిర్యాదుకు కొంత సమాధానం అలా దొరికింది. సమాచారం అడగడమే తప్పు అనేవారు ఈ ఉదాహరణను గుర్తుంచుకోవాలి. ఇక్కడ అసలు ప్రశ్న, ఎంత అడుగుతున్నారు, దేనికి వాడుతున్నారు, ఎంతకాలం దాచుకుంటున్నారు అన్నదే.

కంపెనీకి శాంపిల్ నిజంగానే ఖర్చు. తయారీ, ప్యాకింగ్, కొరియర్ అలా ఉంచితే, పన్ను కూడా దాని మీదే పడుతుంది. ఉచిత నమూనాలుగా ఇచ్చిన సరుకుపై ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ తీసుకోవడానికి జీఎస్టీ చట్టం ఒప్పుకోదు. ఇంత నష్టపడి ఇస్తున్నారంటే ప్రతిఫలం మరోచోట ఉన్నట్టే. కొందరు మళ్లీ కొనుగోలుకు వస్తారన్న ఆశ ఒకటి. రానివారి ఫోన్ నంబరైనా మిగులుతుందన్నది రెండోది.

సమ్మతి అంటే ఏమిటి

కొత్త చట్టం ప్రకారం వ్యక్తి ఇచ్చే సమ్మతి స్వేచ్ఛగా, నిర్దిష్టంగా, విషయం తెలిసి, షరతులు లేకుండా, సందేహానికి తావు లేకుండా ఇచ్చినదై ఉండాలి. చెప్పిన ప్రయోజనానికి అవసరమైన సమాచారానికే అది పరిమితం. చట్టంలోనే ఇందుకు ఒక ఉదాహరణ ఉంది. దూరవైద్య యాప్ ఒకటి వైద్య సేవలకు వివరాలు అడుగుతూ, ఫోన్‌లోని పరిచయాల జాబితాకు కూడా అనుమతి కోరుతుంది. వాడేవారు రెండింటికీ సరేనన్నా, పరిచయాల జాబితా వైద్యానికి అక్కర్లేదు కాబట్టి ఆ సమ్మతి చెల్లదు. శాంపిల్‌కు దీన్ని అన్వయిస్తే ప్యాకెట్ పంపడానికి చిరునామా కావాలి, డెలివరీ సమాచారానికి నంబరు కావాలి. ‘మా భాగస్వామ్య సంస్థల ఆఫర్లు పంపుతాం’ అన్న వాక్యం మాత్రం ప్యాకెట్ చేరవేయడానికి అవసరం కాదు.

కంపెనీలకు ఒక సందు లేకపోలేదు. వ్యక్తి తనంతట తాను ఇచ్చిన సమాచారాన్ని, ఆ ఇచ్చిన పనికి, విడిగా సమ్మతి తీసుకోకుండానే వాడుకోవడానికి చట్టం వీలిస్తుంది. శాంపిల్ కోరినవారు స్వయంగానే వివరాలు ఇచ్చారన్న వాదన రావచ్చు. కానీ అది ప్యాకెట్ చేరవేతకు సరిపోయే వాదన, ఆరు నెలలపాటు సందేశాలు పంపడానికి సరిపోయేది కాదు. మరో మార్గం, ‘శాంపిల్ మా మార్కెటింగ్ సేవలో భాగమే’ అని ప్రయోజనాన్నే విశాలంగా నిర్వచించడం. డేటా పరిరక్షణ మండలి ముందుకు రాబోయే తొలి వివాదాలలో ఇలాంటిది ఒకటి ఉంటే ఆశ్చర్యపోనక్కర్లేదు. ప్రతిఫలంగా ఒక వస్తువు ఇస్తున్నప్పుడు ఆ సమ్మతి షరతులు లేనిదేనా అన్నది మండలి తేల్చవలసిన చిక్కు.

నోటీసు ఇంగ్లిషులో గానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషలలో దేనిలోనైనా గానీ చదువుకునే వీలు వ్యక్తికి ఉండాలని కూడా చట్టం చెబుతోంది. అందులో తెలుగు ఉంది. ఏ సమాచారం తీసుకుంటున్నారో అంశాలవారీగా, సరళమైన మాటల్లో చెప్పాలని నిబంధనలు కోరుతున్నాయి. యంత్రానువాదంతో నెట్టుకొచ్చే పేజీలకు ఇది గట్టి పరీక్ష. తెలుగు లిపిలో ఉన్నంత మాత్రాన అది తెలుగు అయిపోదు. చదివినవారికి అర్థం కాని నోటీసు మీద తీసుకున్న సమ్మతి, విషయం తెలిసి ఇచ్చినది ఎలా అవుతుంది? ఈ చట్టం ఆంగ్ల పాఠంలో స్త్రీ పురుష భేదం లేకుండా వ్యక్తులందరినీ ‘ఆమె’ అనే సూచించడం మరో విశేషం. సౌందర్య ఉత్పత్తుల విషయంలో ఆ సర్వనామం సరిగ్గా అమరింది.

సమ్మతి ఇవ్వడం ఎంత తేలికో, వెనక్కి తీసుకోవడమూ అంతే తేలికగా ఉండాలన్నది మరో నియమం. ఇవ్వడానికి ఒక్క నొక్కు, తీసుకోవడానికి కస్టమర్ కేర్‌కు పది ఫోన్లు అంటే కుదరదు. చట్టం బలహీనత వేరేచోట ఉంది. భద్రతా చర్యలలో వైఫల్యానికి రూ.250 కోట్ల వరకు జరిమానా విధించవచ్చు. కానీ ఆ సొమ్ము భారత సంచిత నిధికి జమ అవుతుంది. సమాచారం బయటకు పొక్కి నష్టపోయిన వ్యక్తికి పరిహారం ఇప్పించే ఏర్పాటు ఈ చట్టంలో లేదు. సమాచార సాంకేతిక చట్టంలో పరిహారానికి వీలు కల్పించిన 43ఏ సెక్షన్‌ను సైతం ఇది తొలగిస్తోంది.

వీటన్నింటికంటే కష్టమైన సమస్య వయసుది. 18 ఏళ్లు నిండని వారందరూ ఈ చట్టం దృష్టిలో బాలలే. వారి వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల సమ్మతిని నిర్ధారించుకోవాలి. వారి ప్రవర్తనను గమనించడం, వారిని గురిపెట్టి ప్రకటనలు ఇవ్వడం నిషిద్ధం. ఉల్లంఘనకు రూ.200 కోట్ల వరకు జరిమానా. మొటిమల క్రీముల మీద అందరికన్నా ఆసక్తి ఉండేది ఆ వయసువారికే. పుట్టిన సంవత్సరాన్ని ఒకటి రెండేళ్లు వెనక్కి జరపడం వారికి క్షణం పని. ‘నాకు 18 నిండాయి’ అన్న గడిలో టిక్ పెట్టించి చేతులు దులుపుకొనే పద్ధతి ఇక చెల్లకూడదు. మొటిమల గురించి అడిగి, కాలేజీ పేరు కూడా అడిగిన కంపెనీ తనకు వయసు తెలియదని చెప్పడం నమ్మశక్యం కాదు.

‘ఉచితం’ అనే మాట

సంస్కృతంలో ఉచితమంటే తగినది. తెలుగులో ఆ అర్థం ‘ఉచితానుచితాలు’ వంటి మాటల్లో మిగిలి, ‘వెల లేనిది’ అన్న అర్థం వాడుకలో స్థిరపడింది. ప్రకటనల్లో ఈ మాట ఎప్పుడు వాడవచ్చో కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ 2022 జూన్‌లో ఇచ్చిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. స్పందించడానికి తప్పనిసరి అయ్యే ఖర్చు, వస్తువును తెచ్చుకోవడానికి లేదా డెలివరీకి అయ్యే ఖర్చు తప్ప మరేమీ వసూలు చేస్తే దాన్ని ఉచితం అనకూడదు. ప్యాకింగ్, హ్యాండ్లింగ్, నిర్వహణ చార్జీలు వేయకూడదు. కాబట్టి ‘శాంపిల్ ఉచితం, హ్యాండ్లింగ్ ఫీజు మాత్రమే చెల్లించండి’ అన్న ప్రకటన తనను తానే ఖండించుకుంటోంది. తప్పుదోవ పట్టించే ప్రకటనకు మొదటిసారి రూ.10 లక్షలు, మళ్లీ చేస్తే రూ.50 లక్షల వరకు జరిమానా ఉంటుంది.

2023 నవంబరు 30న నోటిఫై చేసిన డార్క్ ప్యాటర్న్‌ల మార్గదర్శకాలు 13 రకాల మాయోపాయాలను గుర్తించాయి. ‘ఇంకా 7 శాంపిళ్లే మిగిలాయి’ అనే కృత్రిమ తొందర, అడగని వస్తువును బుట్టలో చేర్చడం, చందాలోకి దింపి బయటకు రానీయకపోవడం వాటిలో ఉన్నాయి. చివరిదాని తీవ్రత తెలియాలంటే అమెరికా అనుభవం చూడాలి. కాలిఫోర్నియా కేంద్రంగా ‘రిస్కు లేని ట్రయల్’ పేరుతో చర్మ సంరక్షణ ఉత్పత్తులు అమ్మిన ఔరావీ నిర్వాహకులపై అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2015లో దావా వేసింది. షిప్పింగ్ కోసం అయిదు డాలర్లకు లోపు అడిగి కార్డు నంబరు తీసుకోవడం, పది రోజుల్లో సరుకు తిప్పి పంపకపోతే దాదాపు 98 డాలర్లు గుంజడం, ఆపై నెలనెలా పంపే పథకంలో చేర్చడం అందులోని ఆరోపణలు. మన దేశంలో కార్డుల నుంచి పదేపదే సొమ్ము కోతకు ముందస్తు సమాచారం ఇవ్వాలన్న రిజర్వు బ్యాంకు నియమం 2021 అక్టోబరు నుంచి అమలులో ఉండటం కొంత రక్ష. అమెరికాలో చదువుకుంటున్న తెలుగు విద్యార్థులు ఆ రక్ష అక్కడ ఉంటుందని అనుకోకూడదు.

ఇక అసలు మోసాల సంగతి. పేరున్న బ్రాండ్ లోగోతో వాట్సాప్‌లో వచ్చే లింకు, పది మందికి పంపితేనే కానుక అనే షరతు, డెలివరీ చార్జీ కోసం క్యూఆర్ కోడ్, చిరునామా సరిచేయమంటూ తపాలా శాఖ పేరుతో సందేశం, ఏపీకే ఫైలు ఇన్‌స్టాల్ చేయమని కోరడం. ఇవి ప్రచారం కావు, నేరాలు. సొమ్ము అందుకోవడానికి యూపీఐ పిన్ అక్కర్లేదన్న ఒక్క సంగతి గుర్తుంటే వీటిలో కొన్ని అక్కడే ఆగిపోతాయి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి.

ప్యాకెట్ మీద లేనిది

డేటా చర్చలో మరుగున పడుతున్నది ప్యాకెట్ లోపలి పదార్థం. సౌందర్య ఉత్పత్తుల నిబంధనలు, 2020 ప్రకారం లేబుల్ మీద తయారీదారు, బ్యాచ్ నంబరు, వాడుక గడువుతో పాటు పదార్థాల జాబితా ఉండాలి. అయితే 60 మిల్లీలీటర్లకు తక్కువ ద్రవాలకు, 30 గ్రాములకు తక్కువ ఘన, అర్ధఘన ఉత్పత్తులకు పదార్థాల జాబితా ముద్రించడం తప్పనిసరి కాదు. శాంపిళ్లు దాదాపు అన్నీ ఈ కొలతకు లోబడినవే. చోటు లేదన్న కారణం సాచెట్ల కాలంలో సబబే. కానీ శాంపిల్ తీసుకునేవారు ఆ ఉత్పత్తిని మొదటిసారి వాడుతున్నవారు. ఏ సువాసన ద్రవ్యం, ఏ నిల్వకారకం తమ ఒంటికి పడదో తెలిసినవారికి కూడా ఆ జాబితా లేకుండా చేసేదేమీ లేదు. ఫోన్ నంబరు తీసుకున్న కంపెనీ అదే నంబరుకు పదార్థాల జాబితాను తెలుగులో పంపడానికి అడ్డేమిటి? ప్యాకెట్ మీద ఒక క్యూఆర్ కోడ్ ముద్రించినా సరిపోతుంది.

ఈ సంప్రదాయం లేకపోలేదు. పారా ఫెనిలిన్ డయమిన్ ఉన్న జుట్టు రంగులపై, కొందరికి చర్మం మండవచ్చని, ముందుగా పరీక్షించుకోవాలని, కనుబొమలకు, కనురెప్పలకు వాడరాదని ఇంగ్లిషుతో పాటు స్థానిక భాషల్లోనూ హెచ్చరిక ఉండాలని నిబంధనలు ఇప్పటికే చెబుతున్నాయి. శాంపిల్‌ను నేరుగా ముఖానికి పట్టించకుండా మోచేతి లోపలివైపు కాస్త రాసి ఒకటి రెండు రోజులు చూడమన్నది చర్మవైద్యులు సాధారణంగా ఇచ్చే సలహా. ఒక్కసారికి సరిపోయే ప్యాకెట్‌తో ఆ పరీక్ష చేస్తే ముఖానికి మిగిలేది తక్కువే.

ఉచితంగా అందుకుని సామాజిక మాధ్యమాల్లో సమీక్షలు చేసేవారి లెక్క వేరు. వస్తువు ఉచితంగా వచ్చిందన్న సంగతి చూసేవారికి స్పష్టంగా తెలపాలని వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో చెప్పింది. అంతకుముందే, 2022 జులై నుంచి, వ్యాపారపరంగా అందే ఇలాంటి ప్రయోజనాల విలువ ఏడాదికి రూ.20 వేలు దాటితే 10 శాతం మూలంలో పన్ను కోత మొదలైంది. సమీక్ష తరువాత వస్తువును తిప్పి పంపితే పన్ను లేదు, ఉంచుకుంటే ఉంది అని ప్రత్యక్ష పన్నుల బోర్డు వివరించింది.

2027 మే లోపు కంపెనీలు తమ పాత జాబితాల సంగతి కూడా తేల్చుకోవాలి. చట్టం రాకముందు తీసుకున్న సమ్మతికి సైతం, ఏ సమాచారం దేనికి వాడుతున్నారో తెలిపే నోటీసు వీలైనంత త్వరగా ఇవ్వాలన్నది నియమం. మూడేళ్ల కిందట ఒక లిప్‌స్టిక్ ముక్క కోసం వివరాలు ఇచ్చి మరిచిపోయినవారి ఫోన్లకూ ఆ నోటీసు రావాలి. అందులో సమ్మతిని వెనక్కి తీసుకునే మార్గం, మండలికి ఫిర్యాదు చేసే పద్ధతి ఉండి తీరాలి.