చూడవచ్చునా? – మూడు చిత్రాలపై నా మాట

"ఫలానా సినిమా చూడవచ్చునా మాస్టారూ?" అని నా పూర్వవిద్యార్థులు తరచు అడుగుతూ ఉంటారు. ఛందస్సు చెప్పినవాడు సినిమా సంగతీ చెప్పగలడని వారి నమ్మకం కాబోలు! నక్షత్రాలు లెక్కపెట్టి తీర్పు చెప్పే విద్య నాకు రాదు. మొదటి వారంలో ఎన్ని కోట్లు వచ్చాయన్నది నిర్మాతకు కావలసిన లెక్క. రెండున్నర గంటల ఆయుష్షు వెచ్చించే ప్రేక్షకుడికి కావలసిన లెక్క వేరు.

నా మటుకు నాకు కొలబద్ద ఒక్కటే. కాశ్మీర పండితుడు క్షేమేంద్రుడు కావ్యానికి ప్రాణమన్న ఔచిత్యం. ఆ పాత్ర, ఆ చోట, ఆ సమయంలో ఆ మాటే మాట్లాడుతుందా? అంతకంటె ముఖ్యంగా, చుట్టూ ఉన్నవారెవరూ చెవినిబెట్టని మనిషి మాటను ఆ చిత్రం మన చేత వినిపించగలుగుతుందా? ఈ మధ్య తీరికగా ఇంట్లోనే చూసిన మూడు చిత్రాలను ఈ కొలబద్దతోనే కొలిచాను. మూడింటిలోనూ ప్రియదర్శి నటించడం కాకతాళీయం. మూడూ 'వినడం' గురించిన కథలే కావడం నన్ను ఆలోచింపజేసింది.

మొదటిది 2023లో వచ్చిన 'బలగం'. దర్శకుడు వేణు ఎల్దండి. అప్పులపాలైన సాయిలు పెండ్లి కట్నంతో గట్టెక్కుదామనుకుంటూ ఉండగా తాత కొమురయ్య కన్నుమూస్తాడు. పిట్టకు పెట్టిన ముద్దను కాకి ముట్టదు. ఇంటి అల్లుడికి, కొడుక్కి మధ్య ఏళ్ళ తరబడి ఉన్న పగకు మూలమేమిటయ్యా అంటే, విందులో ఒక నల్లిబొక్క! నవ్వు వస్తుంది. మన మన ఇండ్లలో మాటలు ఆగిపోయిన కారణాలు గుర్తుచేసుకుంటే ఆ నవ్వు గొంతులోనే నిలిచిపోతుంది. బ్రతికి ఉండగా ఆ ముసలివాడి మనసులో ఏముందో అడిగినవారు లేరు. చనిపోయాక కాకిని పిలిచి అడుగుతున్నారు. కథ అంతా ఇదే.

ఒకప్పుడు మన వెండితెర మీద తెలంగాణ పలుకు హాస్యగాడికో, దుష్టపాత్రకో మాత్రమే దక్కేది. ఈ చిత్రంలో అది ఏడుపుకీ, ఓదార్పుకీ, తర్కానికీ కూడా వాడుకైన భాష. కాసర్ల శ్యామ్ వ్రాసిన పల్లెపాటకు జాతీయ పురస్కారం లభించింది. చివర పస్తం మొగిలయ్య, కొమురమ్మ దంపతులు పాడే పాట వద్ద కన్ను తడవనివారు అరుదు. మొగిలయ్య 2024లో కన్నుమూశారు. పల్లెల్లో జనం తెర కట్టుకొని, ఊరంతా ఒకచోట కూర్చొని చూసిన చిత్రమిది. తప్పక చూడండి. వీలైతే, మాటలు లేని మీ అన్నదమ్ములను ప్రక్కన కూర్చోబెట్టుకొని చూడండి.

రెండవది 2024 నాటి '35 – చిన్న కథ కాదు'. దర్శకుడు నందకిశోర్ ఈమాని. తిరుపతిలో జరిగే కథ. విలువ లేని సున్న ఒకటి ప్రక్కన చేరగానే పది ఎట్లా అవుతుందన్నది అరుణ్ అనే పిల్లవాడి సందేహం. దానికి సమాధానం చెప్పలేని లెక్కల మాస్టారు వాడిని మార్కుల పేరుతో 'జీరో' అని పిలుస్తాడు. పదవ తరగతి గట్టెక్కని తల్లి సరస్వతి తానే లెక్కలు నేర్చుకొని కొడుక్కి నేర్పడానికి పూనుకుంటుంది. నివేదా థామస్ నటన కొనియాడదగినది.

జవాబు పత్రాలను మార్కుల వరుసలో పంచిపెట్టడం మా బడులలో పరిపాటి. ముందు పత్రాలు అందుకున్నవారు వెలిగిపోయేవారు. చిట్టచివరి పత్రం ఎవరిదో అందరికీ ముందే తెలుసు. ఆ పిల్లవాడు మాత్రం తన పేరు వినబడేదాకా బల్ల మీది గీతలే చూస్తూ ఉండేవాడు. ఈ చిత్రం చూస్తున్నంతసేపూ నా కళ్ళు అరుణ్ మీద కాదు, ఆ చివరి బెంచీ మీద ఉన్నాయి.

ఆ సందేహం తెలుగు తరగతిలో వచ్చి ఉంటే నేను ఇలా చెప్పి ఉండేవాడిని. గణితంలో శూన్యమన్న గుర్తునే వ్యాకరణంలో పూర్ణబిందువు అంటాము, అనగా నిండుసున్న. ఒంటరిగా దానిని పలకలేము. అక్షరం ప్రక్కన చేరిందా, 'పడు' కాస్తా 'పండు' అవుతుంది. విలువ సున్నలో లేదు నాయనా, అది నిలిచిన చోటులో ఉంది. పిల్లవాడి విలువ కూడా అంతే. ఎవరి ప్రక్కన కూర్చోబెట్టామన్నదే ప్రశ్న.

ద్వితీయార్ధం కొంత నెమ్మదిస్తుంది. మాస్టారి పాత్రను మరికాస్త మనిషిగా తీర్చి ఉంటే బాగుండేదనిపించింది. అయినా ఉపాధ్యాయులందరూ చూడవలసిన చిత్రం. పిల్లలతో కలిసి చూసే తల్లిదండ్రులు ఆ తరువాత మార్కుల జాబితా తీయకుండా ఉంటే మరీ మంచిది.

మూడవది 2025లో వచ్చిన 'కోర్ట్'. దర్శకుడు రామ్ జగదీశ్. 2013 నాటి విశాఖపట్నం నేపథ్యం. కాపలాదారు కొడుకు చందు, కలిగినింటి అమ్మాయి జాబిలి పరస్పరం ఇష్టపడతారు. ఆమెకు పదునెనిమిదేళ్ళు నిండలేదు. మామయ్య మంగపతి పరువు పేరుతో ఆ కుర్రవాడిని పోక్సో కేసులో ఇరికిస్తాడు. మంగపతిగా శివాజీ భయపెట్టాడు. న్యాయస్థానంలో వాదోపవాదాలు బిగువుగా సాగాయి.

అయితే ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. 2012 నవంబరు 14న అమలులోకి వచ్చిన ఆ చట్టం పసిపిల్లలను కాపాడడానికి పుట్టింది. పదునెనిమిదేళ్ళ లోపువారి సమ్మతిని అది లెక్కలోకి తీసుకోదు. దానిని అడ్డం పెట్టుకొని పగ తీర్చుకునేవాడు దోషి. ఆ కారణాన చట్టమే చెడ్డదనే భావం పిల్లల మనసులో నాటుకుంటే, రేపు నిజంగా హాని జరిగిన పిల్ల నోరు విప్పడానికి జంకుతుంది. పైగా మంగపతి అరుస్తాడు గనుక దుష్టుడని ఇట్టే తెలిసిపోతుంది. లోకంలో అరవని మంగపతులు ఎక్కువ. నెమ్మదిగా, ప్రేమగా, "నీ మంచికేనమ్మా" అంటూనే అమ్మాయి నోరు నొక్కేవారు. చిత్రం వారి జోలికి పోలేదు. జాబిలి గొంతు కూడా నాకు చాలినంతగా వినిపించలేదు. చందు తరఫున వాదించడానికి వకీలు ఉన్నాడు. ఆమె పక్షాన మాట్లాడేదెవరు?

కనుక నా తీర్పు: 'బలగం' ఇంటిల్లిపాదీ చూడండి. '35' చదువు చెప్పేవారు, చదివించేవారు చూడండి. 'కోర్ట్' కూడా చూడదగినదే. కానీ ఉన్నత పాఠశాల ఈడు పిల్లలుంటే వారిని ఒంటరిగా చూడనివ్వకండి. చూశాక టీవీ కట్టి ఒక అరగంట వారితో కూర్చోండి. మీరు చెప్పడం తగ్గించి, వారిని చెప్పనివ్వండి. ఆ అరగంట లేకపోతే సినిమా సగమే చూసినట్లు.

భిన్నాభిప్రాయం ఉన్న మిత్రులు నిస్సంకోచంగా వ్రాయండి. వినడానికి సిద్ధంగా ఉన్నాను.