మేడారం బండ్లను సాక్ష్యానికి పిలవకండి

భూపాలపల్లి జిల్లా రేగొండ దగ్గరి పాండవుల గుట్టలకో, మహబూబాబాద్ జిల్లా గూడూరు వైపు భీమునిపాదం అడవికో రాత్రి విడిదికి గుంపుగా బయల్దేరేవాళ్లకు ఒక సలహా తప్పకుండా తగులుతుంది: మనిషికి రెండు లీటర్ల నీళ్లు చాలు, తక్కినది అడవే చూసుకుంటుంది. కాదంటే తాతముత్తాతలను ముందుకు తోస్తారు. ఎడ్లబండ్ల మీద మేడారం జాతరకు పోయినవాళ్లు ఏ క్యాన్లు మోశారని అడుగుతారు.

మోయలేదు. మోయాల్సిన పని పడలేదు. జాతర వచ్చేది మాఘంలో, వాగుల్లో ఇంకా తడి ఉండగా. బండి విప్పేది నీళ్లున్న చోటే, ఎందుకంటే ఒక్క ఎద్దే రోజుకు 30, 40 లీటర్లు తాగుతుంది. ఇసుకలో చెలిమ తవ్వి, మొదట ఊరిన బురదనీళ్లు తోడి పారబోసి, తేటపడ్డాక ముంతతో ముంచుకునేవాళ్లు. అది వాగొడ్డు విడిది. ఏప్రిల్‌లో ఇసుకరాయి గుట్ట నెత్తిన వేసే గుడారానికి అది సాక్ష్యమెలా అవుతుంది? బండలో చెలిమ తవ్వగలరా? భీమునిపాదం జలపాతం సంగతీ అంతే. వానాకాలపు ఫోటో చూసి ఎండకాలపు లెక్క వేస్తున్నారు.

అసలు రెండు లీటర్లు నడకకే చాలవు. ఎండలో బరువుతో గుట్ట ఎక్కే మనిషికి గంటకు అర లీటరు తక్కువలో తక్కువ. సాయంత్రం 3 గంటలు, పొద్దున 3 గంటలు నడిస్తే అక్కడికే 3 లీటర్లు. రాత్రి తాగడానికి ఒకటి. అన్నం, పప్పు, పొద్దుటి చాయ్, గిన్నెలు కలిపి ఒకటిన్నర. ముఖానికీ చెంబుకూ అర. దారి తప్పితే ఉండాలని ఇంకొకటి. మొత్తం 7. పదిమందికి 70 లీటర్లంటే 70 కిలోలు. రెండు లీటర్ల పండితులు ఎప్పుడూ మరిచేది ఆ వంటగిన్నెనే.

బరువు తగ్గించాలంటే కోత పెట్టాల్సింది తాగే నీళ్లలో కాదు, వంటలో. బువ్వ చివరి తండాలోనే తిని, అక్కడి నల్లా దగ్గర కడుపునిండా తాగి, రాత్రికి జొన్నరొట్టె, పల్లీల పొడి కట్టుకుంటే మనిషికి లీటరుకు పైగా దిగుతుంది. 20 లీటర్ల క్యాన్ బండల మీద ఇద్దరు పట్టినా ఎక్కదు, మూత ఊడిందంటే గుంపు మొత్తానికీ నీళ్లు లేనట్టే. 2 లీటర్ల సీసాలే అందరికీ పంచాలి, ఒకటి పగిలినా తక్కినవి ఉంటాయి.

ఇక మరిగిస్తే ఏ నీళ్లైనా మంచివేనన్న మాట. క్రిములు చస్తాయి, నిజమే. జనగామ వైపు కొన్ని బోర్లలో ఉండే ఫ్లోరైడ్ మాత్రం పోదు, నీరు ఆవిరైన కొద్దీ చిక్కబడుతుంది. ఒక్క రాత్రికి దానితో ముప్పేమీ లేదు, కానీ తప్పు తప్పే. క్లోరిన్ బిళ్ల వేసేవాళ్లు బురదనీటిని ముందు గుడ్డతో వడకట్టి, బిళ్ల వేశాక అరగంట ఆగాలి. వేసిన మరుక్షణం గటగటా తాగేస్తున్నారు.

ఇంత మోయలేమంటే గుట్ట మీద పడుకోవడమే మానుకోండి. కింద ఊళ్లో బోరు దగ్గర వండుకుని, అటవీ శాఖ అనుమతి ఉన్న దారిలో తెల్లవారుజామున ఎక్కి, ఎండ ముదరకముందే దిగొచ్చు. అలాగైతే మనిషికి మూడు లీటర్లు సరిపోతాయి.