ముడిసరుకు ఒకచోట, సరుకు మరొకచోట

దల్లీ రాజహరా గనులను దుర్గ్‌తో కలిపే రైలుమార్గంలో, భిలాయీ ఉక్కునగరం చెంతనే ఉన్న స్టేషను మరోదా. దశాబ్దాల తరబడి ఆ గనుల ఎర్రని ఖనిజమే భిలాయీ కర్మాగారాన్ని పోషించింది. అక్కడ ఖనిజం దించే చోటు వేరు, తయారైన పట్టాలను పేర్చే చోటు వేరు. రెండింటినీ ఒకే కుప్పగా పోయాలన్న ఆలోచన ఏ ఇంజనీరుకూ రాదు. కాని కంప్యూటరు ముందు కూర్చున్న మేధావులు మాత్రం చాలాకాలం సరిగ్గా ఆ పనే చేశారు!

ప్రోగ్రాం రచయిత మనుషులకు అర్థమయ్యే సంకేతాలలో రాసిన మూలాన్ని కంపైలరు యంత్రభాషలోకి అనువదిస్తుంది. ఒక్కొక్క మూలానికి ఒక్కొక్క ఆబ్జెక్ట్ ఫైలు పుడుతుంది. వాటన్నిటినీ కలిపితేనే ప్రోగ్రాం సిద్ధమవుతుంది. ఎక్కడ దాచాలో చెప్పకపోతే, ఆదేశమిచ్చిన ఫోల్డరులోనే ఈ ఫైళ్లు వచ్చి పడతాయి. సాధారణంగా మూలాలు ఉండేదీ అక్కడే.

1976లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో స్టీవ్ జాన్సన్ అనే నిపుణుడు ఒక ఉదయమంతా లేని దోషం కోసం వెదికాడు. మూలంలోని తప్పును ఆయన అప్పటికే సరిదిద్దాడు. కాని ఆ మూలాన్ని తిరిగి అనువదించలేదు. పాత ఆబ్జెక్ట్ ఫైలే కొత్త ప్రోగ్రాంలో చేరిపోయింది. ఆయన గోడు విన్న సహచరుడు స్టువర్ట్ ఫెల్డ్‌మన్ 'మేక్' అనే సాధనాన్ని రచించాడు. ఏ మూలం తన ఆబ్జెక్ట్ ఫైలు కంటే కొత్తదో కాలాన్ని బట్టి గుర్తించి, దానిని మాత్రమే మళ్లీ అనువదింపజేయడం దాని పని. ఆ కృషికి ఫెల్డ్‌మన్‌ను 2003 సంవత్సరపు ఏసీఎం సాఫ్ట్‌వేర్ సిస్టమ్ పురస్కారం వరించింది.

అయినా ఒక ప్రమాదం మిగిలింది. యూనిక్స్ యంత్రాలలో పాత ఆబ్జెక్ట్ ఫైళ్లను తుడిచివేసే ఆదేశంలో నక్షత్రం గుర్తుకూ, 'డాట్ ఓ' అక్షరాలకూ నడుమ పొరపాటున ఒక్క ఖాళీ పడితే చాలు, అక్కడి మూలాలన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. నెలల శ్రమ క్షణంలో మాయం!

దీనికి విరుగుడు సులభమే. ఫలితం ఏ ఫోల్డరులో ఏ పేరుతో ఉండాలో కంపైలరుకు ముందే చెప్పవచ్చు. జీసీసీ వంటి కంపైలర్లలో 'హైఫన్ ఓ' అనే సూచన ఇందుకే ఉంది. అయితే ఆ ఫోల్డరును ముందుగా సృష్టించి ఉంచాలి. జీసీసీ దానిని తానుగా నిర్మించదు. వేర్వేరు ఫోల్డర్లలోని రెండు మూలాలకు ఒకే పేరు ఉంటే మరొక జాగ్రత్త అవసరం. రెండింటి ఫలితాలనూ ఒకేచోట దాచితే ఒకదానిపై మరొకటి పడి మొదటిది నశిస్తుంది. కనుక మూలాల ఫోల్డర్ల అమరికనే ఫలితాల చోటా పాటించడం క్షేమం. పరీక్షకు ఒకటి, వాడుకకు ఒకటి చొప్పున వేరు వేరు ఫోల్డర్లు ఉంచుకుంటే ఒకదాని ఫైళ్లు మరొకదానిలో కలవవు.

అనుమానం వచ్చినప్పుడు ఫలితాల ఫోల్డరును నిస్సంకోచంగా తొలగించవచ్చు. యంత్రం దానిని మళ్లీ తయారుచేస్తుంది. మనిషి రాసిన మూలాన్ని మాత్రం ఏ యంత్రమూ తిరిగి ఇవ్వలేదు. ఏది పోయినా ఫరవాలేదో, ఏది పోకూడదో ముందే విడదీసి ఉంచుకోవడంలోనే వివేకం ఉంది.